ఆకు పేరు పెట్టుకున్న మందు



మా వీధిలోకి రోజూ ఏడింటికల్లా ఆకుకూరల అమ్మ వస్తుంది. నెత్తిన తట్ట, తట్ట మీద తడిపిన గోనెపట్టా. "తోటకూరా, చుక్కకూరా, గోంగూరా" అని దీర్ఘం తీస్తూ ఒక్క కేక. తట్ట దించి గోనె తొలగించగానే తడిమట్టి వాసన వస్తుంది. నేను కట్ట తిరగేసి వేళ్ళు చూస్తాను. వేళ్ళకు మట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంటే తెల్లవారుజామున పీకినట్టు. ఆకు వెనక తెల్లటి చుక్కలు ఉంటే ఆ కట్ట పక్కన పెడతాను. ఇంతా చేసి నేను ఇచ్చేది మంచి టీ ఖరీదుకు అటూ ఇటూగా. ఆమె దగ్గర రెండు కట్టలు కొంటున్నప్పుడల్లా, ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులను, బాలింతలను చూసిన డాక్టరుగా నాకు ఒక్కటే అనిపిస్తుంది. నేను రాసిన చీటీల్లో సగం ఈ తట్టలోనే ఉంది కదా అని.

మాటవరసకు అనడం లేదు. మా వార్డులో నాకు బాగా గుర్తుండిపోయిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు వద్దు. పందొమ్మిదేళ్ళు, తొలి కాన్పు, అయిదో నెల. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం. కింది కనురెప్ప వేలితో లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి దూదిలా ఉంది. హిమోగ్లోబిన్ ఏడున్నర. గర్భిణికి కనీసం పదకొండు ఉండాలి. "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అంటే "రోజూ వేసుకుంటున్నానండి" అంది. సబ్‌సెంటర్‌లో ఇచ్చిన ఐరన్ మాత్రల అట్టలు సంచీలోంచి తీసి చూపించింది. ఖాళీ అయిన గుంతలు లెక్కపెడితే సరిగ్గానే ఉన్నాయి. మరి రక్తం ఎందుకు పట్టడం లేదు?

వెంట వచ్చిన వాళ్ళత్తగారు చెప్పిన ఒక్క మాటతో విషయం తేలింది. "మానకుండా వేస్తన్నాం డాక్టరమ్మా. పొద్దున్నే టీతో పాటే మింగిస్తన్నా."

టీలో వగరు పుట్టించే పదార్థాలు ఉంటాయి. అవి కడుపులో ఇనుమును పట్టుకుని రక్తంలోకి పోనీయవు. మాత్రలోని ఇనుమైనా, తోటకూరలోని ఇనుమైనా వాటికి ఒకటే. ఆ పిల్ల మూడు నెలలుగా మందు మింగుతోంది, మందులో పెద్ద భాగం వచ్చిన దారినే పోతోంది. తప్పు ఆమెదీ కాదు, అత్తగారిదీ కాదు. మాత్ర చేతిలో పెట్టినవాళ్ళు దేనితో వేసుకోవాలో కూడా చెప్పి ఉండాల్సింది.

ఇది ఆ ఒక్కమ్మాయి కథ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. ఈ ప్రసంగం వింటున్న ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒకరికి రక్తం తక్కువనే అనుకోవచ్చు. గోంగూర లేని ఊరు, జామచెట్టు లేని వీధి దాదాపు కనబడని చోట ఈ లెక్క.

మొక్కల్లో ఉండే ఇనుము మాంసంలో ఉన్నంత తేలిగ్గా ఒంటికి పట్టదు. ఇది నిజం, దాచాల్సిన పనిలేదు. అయితే దానికి తోడు ఒకటుంది, విటమిన్ సి. ఆ ఇనుమును పేగులు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. ఒకే ముద్దలో, ఒకే పూట రెండూ కడుపులో పడాలి, అంతే. పొద్దున ఆకుకూర తిని రాత్రికి నిమ్మరసం తాగితే లాభం లేదు. మన వంటింటికి ఇది కొత్త కాదు. నిమ్మకాయ పప్పు చేసే ఆడవాళ్ళనడగండి. పప్పు పొయ్యి మీద నుంచి దించాకే రసం పిండుతారు. ఎందుకంటే చేదెక్కుతుందని చెబుతారు. విటమిన్ సి వేడికి నశిస్తుంది కాబట్టి డాక్టరు చెప్పినా అదే చెబుతుంది. తోటకూర పప్పులో కూడా అలాగే దించాక ఒక చెక్క పిండి చూడండి. రుచి కూడా లేచి కూర్చుంటుంది.

ఇక జామకాయ. ఆసుపత్రికి రోగిని చూడటానికి వచ్చేవాళ్ళ చేతుల్లో ఏముంటుందో మీకు తెలుసు. నాలుగు ఆపిల్ పళ్ళు, ఒక బ్రెడ్డు. ఆపిల్ మంచి పండే, కాదనను. కానీ 100 గ్రాముల ఆపిల్‌లో విటమిన్ సి అయిదు మిల్లీగ్రాములకు అటూ ఇటూ. కమలాపండులో యాభై దాకా. జామకాయలో 200 పైచిలుకు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 65 నుంచి 80. అంటే సగం జామకాయతో ఆ రోజు లెక్క పూర్తయిపోతుంది. ముప్ఫై ఏళ్ళలో రోగికి జామకాయలు పట్టుకొచ్చిన చుట్టాన్ని నేను చూసింది వేళ్ళ మీద లెక్కే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇప్పుడు ఒక పెద్ద కథలోకి తీసుకెళతాను. ఇది మన తెలుగువాడి కథ, ఒక ఆకు కథ.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భంతో ఉండగా విపరీతమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ళ రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఎర్ర కణాలు ఉండాల్సిన దానికంటే ఉబ్బి పెద్దవిగా కనబడేవి. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. ఇదేదో వేరే లోటు. ఆమె ఏ ఇంటి ఆడవాళ్ళు ఏం తింటున్నారో వాకబు చేసింది. తిండి ఎంత నాసిగా ఉంటే జబ్బు అంత ఎక్కువగా ఉందని గమనించింది. నీలగిరుల్లోని కూనూరులోనూ, మద్రాసులోనూ కూడా కొన్నాళ్ళు పనిచేసింది. చివరికి ఈస్టు నుంచి తీసిన చవకరకం సారం, ఇంగ్లాండులో రొట్టెకు రాసుకు తినేది, ఆ తల్లులకు పెడితే రక్తం పుంజుకుంది. అందులో ఏదో ఉంది. ఏమిటో ఎవరికీ తెలియదు. చాలాకాలం దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు.

ఆ 'ఏదో' ఏమిటన్నది తేలడానికి పదేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు, మన పాలకూరకు చుట్టమైన స్పినాచ్ ఆకు నాలుగు టన్నులు తెచ్చి, వడగట్టి, శుద్ధిచేసి, అందులోంచి చిటికెడంత పదార్థం తీశారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. ఆకులో దొరికింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఇవాళ ప్రతి గర్భిణి చేతిలోనూ పెట్టే మాత్ర పేరుకు అర్థం 'ఆకు మందు' అనే.

అయితే ఆకుల్లోంచి చిటికెడు తీస్తే లోకానికి సరిపోదు కదా. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టినవాళ్ళకు నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చిన్నప్పటి సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలై, నాలుక పుండై, రక్తం పల్చనై మనిషి కరిగిపోయే జబ్బది. మనవాళ్ళు గ్రహణి అనేదానికి దగ్గరిది. తర్వాత అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారని చెబుతారు. 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని స్ప్రూ రోగులకు ఇస్తే తేరుకోవడం మొదలుపెట్టారు. ఏ జబ్బు తన తోడబుట్టినవాళ్ళను మింగిందో ఆ జబ్బుకు మందు ఆ చేతుల మీదుగానే వచ్చింది. 1948లో, యాభై మూడేళ్ళకే ఆయన వెళ్ళిపోయారు.

ఈ పదార్థం ఒంట్లో చేసే పని ఏమిటంటే, కణం రెండుగా విడిపోయేటప్పుడు దాని లోపలి డి.ఎన్.ఏ. కొత్తగా తయారు కావాలి. దానికి ఫోలేట్ కావాలి. రక్తకణాలు రోజూ కొత్తవి పుడుతుంటాయి కాబట్టి లోటు మొదట రక్తంలో కనబడుతుంది. కడుపులోని బిడ్డలోనైతే ప్రతి అవయవమూ కొత్తగానే పుడుతోంది. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే వెన్నుపాముకు ఆధారమైన గొట్టం మూసుకోవాలి. ఆ రోజులకు చాలామందికి తాము గర్భవతులమని కూడా తెలియదు. ఫోలిక్ యాసిడ్ ముందునుంచీ వేసుకుంటే వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన గట్టిగా రుజువు చేసింది. అందుకే పెళ్ళై బిడ్డ కావాలనుకుంటున్న అమ్మాయిలు నెల తప్పేదాకా ఆగకుండా మాత్ర మొదలుపెట్టాలని చెబుతాం. ఈ ఒక్క విషయంలో ఆకుకూర తింటున్నాను కదా, మాత్ర ఎందుకు అనొద్దు. మా వార్డు అమ్మాయికీ అదే చెప్పాను. ఏడున్నర హిమోగ్లోబిన్‌ను పదకొండుకు ఒక్క తోటకూరతో లాగలేం. మాత్ర కావాలి. పదకొండుకు వచ్చాక జారిపోకుండా నిలబెట్టడానికి మాత్రం పళ్ళెమే దిక్కు.

ఆకుకూర వండేటప్పుడు మనం చేసే ఒక్క పొరపాటు చెప్పి ముందుకెళతాను. ఫోలేట్ నీళ్ళలో కరుగుతుంది. పాలకూరను గలగలా మరిగే నీళ్ళలో వేసి, వార్చి, ఆ ఆకుపచ్చ నీళ్ళు తూములో పారబోస్తే సగం దాకా దాంతోనే పోవచ్చు. పప్పులో వేస్తే నీళ్ళు పప్పులోనే ఉంటాయి. పులుసులో వేసినా అంతే. తరిగాక కడగడం కాకుండా కడిగాక తరగాలి. మట్టి పోవడానికి మూడు నీళ్ళు మార్చి, ఆకులు పైకి తేల్చి తీయాలి. గిన్నె వంచితే అడుగున దిగిన మట్టి మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. తాలింపులో చెంచాడు నూనె ఉండాలి. ఆకుల్లోని విటమిన్ ఎ మూలం నూనె తోడు లేకుండా ఒంటికి పట్టదు. మా అమ్మ తోటకూర గిన్నెలో కొండలా పోసి మూత పెట్టేది. అయిదు నిమిషాల తర్వాత మూత తీస్తే అడుగున ఇంత. "చూశావా, రెండు కట్టలు వేస్తే మనిషికి గరిటెడు రాలేదు" అనేది. ఆ లెక్క ఇప్పటికీ నిజమే. నలుగురున్న ఇంట్లో ఒక్క కట్ట వండి ఆకుకూర తిన్నామనుకుంటే అది కంటితుడుపే.

లూసీ విల్స్ కొన్నాళ్ళు పనిచేసిన ఆ కూనూరులోనే 1918లో ఒక్క గదిలో మన దేశపు పోషకాహార పరిశోధన మొదలైంది. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద చేసిన విచారణ అది. ఆ గది పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మనం తినే తోటకూరలో ఎంత ఇనుము, జామలో ఎంత విటమిన్ అని దేశమంతా చూసుకునే పట్టికలు మన ఊళ్ళోనే తయారయ్యాయి. ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు, పళ్ళే ఉండాలి. రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు. మన పళ్ళెం ఎలా ఉంటుందో మనకు తెలుసు. నడుమ అన్నపు గుట్ట, అంచున కూర. బంగాళాదుంప వేపుడును కూరగాయ లెక్కలో వేసుకోకండి. దుంపలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పళ్ళూ కూరల లెక్కలోంచి తీసేసింది. ఇక గోంగూర నిల్వ పచ్చడి సంగతి. తినొద్దనను. తెలుగువాళ్ళతో ఆ మాట ఎవరనగలరు? కానీ దానిలోని ఉప్పు చూస్తే అది ఆకుకూర కింద రాదు, ఊరగాయ కిందికే వస్తుంది.

ఉప్పు మాటొచ్చింది కాబట్టి బీపీ గురించి. 1997లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. తిండిలో ఉప్పు అందరికీ సమానంగానే ఉంచి, కొందరికి పళ్ళు, కూరలు, వెన్న తీసిన పాలు పెంచారు. రెండు వారాలకే రక్తపోటు తగ్గడం కనబడింది. కూరల్లో, పళ్ళల్లో ఉండే పొటాషియం ఒంట్లోని ఉప్పును మూత్రంలో బయటికి పంపడానికి సాయపడుతుంది. ఇక పీచు. పీచును మనం అరిగించుకోలేం. అరిగించుకోలేకపోవడంలోనే దాని ఉపయోగమంతా ఉంది. పేగుల్లో నిదానంగా సాగుతూ, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా పట్టి ఉంచుతుంది. పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు అదే తిండి.

మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే అని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం చెప్పింది. వాళ్ళలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న, "పళ్ళు పూర్తిగా మానేయాలా డాక్టరుగారూ?" అని. మానొద్దు. జామ తినండి, బొప్పాయి ముక్కలు తినండి, వానాకాలంలో నేరేడు తినండి. మామిడిపండైతే అన్నం తిన్నాక పైన కాకుండా, అన్నం తగ్గించుకుని ఆ స్థానంలో రెండు ముక్కలు. కానీ రసం తాగకండి. గ్లాసుడు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు. తొనల మీది తెల్లటి పొర, పిప్పి బుట్టలోకి పోతాయి. చక్కెర గ్లాసులోకి వస్తుంది. మూడు బత్తాయిలు ఒలుచుకు తినమంటే ఒకటిన్నర దగ్గర మనమే ఆగిపోతాం.

అందరికీ ఒకటే మాట పనికిరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు పొటాషియం ప్రమాదం కావచ్చు, వాళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూర ఒక వారం బొత్తిగా మానేసి, మరో వారం రోజూ తినడం చేయకూడదు. ఎప్పుడూ ఒకే తీరున ఉండాలి. పూర్తి శాకాహారులు బి12 గురించి జాగ్రత్తపడాలి, అది ఏ ఆకులోనూ, ఏ పండులోనూ ఉండదు. పాలు, పెరుగు కూడా మానినవాళ్ళకు మాత్ర తప్పదు.

పెంచిన ఆకుకూరల సంగతే ఇంతసేపు చెప్పాను. నాట్లేసి పెంచనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. వానలు పడగానే చేలగట్ల మీద గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర. ఎండాకాలంలో చింతచిగురు. జహీరాబాద్ చుట్టుపక్కల దళిత మహిళా రైతులు చేలల్లో దానంతటదే మొలిచే ఆకుకూరలను కలుపని పీకి పారేయకుండా కూరగా తెచ్చుకుంటారు. మాచునూరులో 2008లో మొదలైన సంగం రేడియో వాళ్ళదే. ఒక ఆకును ఎలా గుర్తుపట్టాలో, ఏ పప్పుతో వండాలో వాళ్ళు తమ గొంతుతోనే చెప్పుకుంటారు. కలుపుమందు కొట్టిన చేలో కలుపుతో పాటు ఈ కూర కూడా పోతుందని నేను గ్రహించింది వాళ్ళ వల్లే. అది ఖర్చులేని కూర. చదువుకున్న నాకు పది పేర్లు వస్తే గొప్ప.

మళ్ళీ మా వార్డు అమ్మాయి దగ్గరికి వద్దాం. మాత్ర టీతో కాదు, నిమ్మరసం నీళ్ళతో. టీ తాగాలనిపిస్తే ముందో వెనకో గంటైనా ఎడం. పూటకు గరిటెడు ఆకుకూర పప్పు, రోజుకో జామకాయ. నెల తిరిగేసరికి కనురెప్పలో రంగు వచ్చింది. కాన్పు వేళకు పదిన్నర. ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు.

మూడో రోజు రౌండ్సుకు వెళితే, పళ్ళెంలో తెల్లన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. అంతే. నేను ఏమీ అనకముందే అత్తగారు అందుకుంది. "పచ్చి బాలింతకి కూరాకు పెడతారా డాక్టరమ్మా? నంజు చేయదూ? పసిదానికి విరేచనాలు పట్టవూ?" ఆమె కోపంగా అనలేదు, భయంతో అంది. ఆమెకు వాళ్ళత్త అలాగే పెట్టింది. ఒకప్పుడు ఈ పథ్యం వెనక ఏదో కారణం ఉండి ఉంటుంది. కలుషితమైన నీళ్ళతో కడిగిన ఆకు తిని బాలింతలు జబ్బుపడిన రోజులవి. కానీ కాన్పులో రక్తం పోయి, పాలివ్వడం మొదలుపెట్టిన తల్లికి గర్భంతో ఉన్నప్పటికంటే విటమిన్ సి, తిండి ఎక్కువే కావాలి. సరిగ్గా ఆ నెలలోనే మనం ఆకు, పండు, పప్పు అన్నీ ఆపేస్తున్నాం. నేను ఆమెతో వాదించలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "అత్తగారూ, మీ చేత్తోనే కడగండి, మీ చేత్తోనే మెత్తగా వండండి. కారం తగ్గించండి. మూడు రోజులు పెట్టి చూడండి, బిడ్డకు ఏమైనా అయితే నన్నడగండి" అన్నాను. ఆమె చాలాసేపు కోడలి ముఖం వంక చూసింది. "మునగాకు పప్పులో వెయ్యొచ్చా?" అని మాత్రం అడిగింది.

బిడ్డకు తొమ్మిదో నెల టీకాలకు వచ్చినప్పుడు మళ్ళీ ముగ్గురూ కనబడ్డారు. పాపను కోడలి చేతికిచ్చి, అత్తగారు గుడ్డసంచీ నా బల్ల మీద పెట్టింది. విప్పితే జామకాయలు. దోరవి, కొన్నింటికి చిలక కొట్టిన గుర్తులు.

"చెట్టు మా పెరట్లోదే డాక్టరమ్మా" అంది. "ఇన్నేళ్ళూ చిలకలకే వదిలేశాం."